అట్ట బాసింగం

అట్ట అన్న మాట చెవిన పడగానే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తొస్తుంది. బడిపిల్లలకైతే పుస్తకం చినగకుండా వేసుకునే అట్ట, పరీక్షలో ఒళ్లో పెట్టుకుని రాసుకునే అట్ట. బట్టల దుకాణంలో దాని పేరు దఫ్తీ. మిల్లు తాను నడుమ కూర్చుని గుడ్డను ముడత పడనివ్వదు. ఇల్లాలికి పొయ్యి రాజుకోనప్పుడు విసురుకునేది అదే, ఊగే పెట్టె కింద మడిచి తోసేదీ అదే. చెప్పులు కొన్నవాడు అవి అరిగి పారేశాక కూడా వాటి డబ్బాను పారెయ్యడు; సూదులు, మందుబిళ్లలు, పెళ్లినాటి ఫొటో అందులోనే దాస్తాడు. దర్జీ కాలరుకు నమూనా కత్తిరించుకునేది కూడా అట్ట మీదే. ఇన్ని పనులు చేయించుకుని, చివరికి ఎవరూ దానికో మంచిమాట చెప్పరు. చినిగితే పొయ్యిలో పెడతారు.

మంచిర్యాలలో శంకరవ్వకు మాత్రం అట్ట అంటే పెళ్లి. ఎవరింట్లో ఎంత పెద్ద పందిరి వేసినా, ఎన్ని బాజాలు మోగించినా, పిల్లకూ పిలగాడికీ నుదుట తాను కత్తిరించిన అట్ట ఎక్కనిదే అది పెళ్లి కింద లెక్క కాదని ఆమె గట్టి నమ్మకం. అందులో కొంత గర్వం కూడా ఉండేది. గర్వపడటానికి ఆ ఇంట్లో ఇంకేమీ లేదు కాబట్టి మనం దాన్ని తప్పు పట్టొద్దు.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు ఆమె ధర్మపురి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. మేరోళ్ల ఇల్లు, కుట్టుపనే కులవృత్తి. భర్త సిద్దిరాములు స్టేషన్‌కు పోయే దారిలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. నిజాం కాలంలో షేర్వానీలు కుట్టిన చేతులతోనే అప్పుడు తెల్ల టోపీలు కుట్టాడు. "తలకాయలు అవే శంకరీ, టోపీలే మారినయ్" అని నవ్వేవాడు. అత్త కనకవ్వ పెళ్లిళ్ల కాలంలో బాసింగాలు చేసి ఇచ్చేది. అప్పట్లో బాసింగం అంటే బెండుతోనే. చెరువుల్లో పెరిగే జీలుగు బెండును సన్నగా చెక్కి, తళుకు కాగితం అంటించి, పూసల కుచ్చులు వేలాడదీసి, పసుపు దారం కట్టేది.

ఒక ఏడు వానలు పడక చెరువులు ఎండిపోయాయి. బెండు రాలేదు. చెరువులు ఎండాయని పెళ్లిళ్లు ఆగుతాయా? ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు వచ్చి గడపలో కూర్చున్నారు. కనకవ్వ తల పట్టుకుంది. అప్పుడు కొత్త కోడలు భర్త మేకుకు వేలాడదీసిన కాలరు అట్టను తీసి, వెనకా ముందూ తిప్పి చూసి, కత్తెర పెట్టింది.

"ఏందే గిది? అట్టనా?" అని అత్త గుండె బాదుకుంది. "చెప్పుల డబ్బా తీస్కపోయి పెండ్లిపిల్ల మొకానికి కడ్తవా?"

"చెప్పులది కాదత్తా. సేటు దుకాణంల తాను అట్ట. పట్టుబట్టల నడుమ పండుకున్న అట్ట. నీకన్న నాకన్న మంచి పక్క దానిది."

అత్తకు కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. ఆ తర్వాత కూడా శంకరవ్వ ఆ నియమం తప్పలేదు. చెప్పుల డబ్బా అట్టను ఎప్పుడూ ముట్టుకోలేదు. బట్టల దుకాణాల్లో తాను అయిపోతే మిగిలే అట్టలే తెచ్చుకునేది.

అయితే అట్టకు ఒక చెడ్డ గుణం ఉంది. నుదుటికి వంగదు, బల్లలా నిలబడుతుంది. దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కత్తిరించిన అట్టకు వెనకవైపు కొద్దిగా తడి అద్ది, ఇత్తడి చెంబు కడుపుకు గుడ్డతో బిగించి కట్టి, నీడలో ఆరబెట్టేది. ఆరేసరికి అట్టకు చెంబు వంపు వచ్చేది. నుదుట పెడితే అక్కడే పుట్టినట్టు కూర్చునేది. పురుగు పట్టకుండా మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. బెండు పెళుసు, అట్ట మొండి. అందుకని బెండుతో కుదరని చిలకలూ లతలూ అట్టలో కుదిరాయి. తర్వాతి ఏడు బెండు వచ్చినా ఎవరూ దాన్ని అడగలేదు. లక్షెట్టిపేట నుంచి, చెన్నూరు నుంచి కూడా వచ్చి, "సిద్దిరాములు పెండ్లాం చేస్తదట కదా, గవి కావాలె" అని తీసుకుపోయేవారు.

అనసూర్య పుట్టినప్పుడు ఆ పిల్ల ఉయ్యాల పక్కనే కూర్చుని శంకరవ్వ అట్టలు కత్తిరించేది. "నా బిడ్డ పెండ్లికి చేస్త చూడు బాసింగాలు. గసువంటియి ఎవ్వరి నుదుట చూసి ఉండరు" అని భర్తతో అనేది.

"పిల్ల ఇంకా బోర్ల పడలే, అప్పుడే పెండ్లి చేస్తున్నవా?" అని సిద్దిరాములు మిషను తొక్కడం ఆపకుండానే నవ్వేవాడు.

ఆ ఒక్క కోరికే ఆమె జీవితమంతా మోసింది. ఇల్లు కట్టాలని లేదు, నగలు చేయించాలని లేదు. బిడ్డ నుదుట తన చేతి బాసింగం చూసుకోవాలి. అంతే.

అనసూర్యకు ఐదేళ్లు నిండక ముందే సిద్దిరాములు విషజ్వరంతో పోయాడు. అత్త అంతకు ముందే పోయింది. శంకరవ్వ చేతుల గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆమె ఏడ్చింది, ఏడ్చి లేచింది. పిల్లకు తిండి పెట్టాలి కదా. పెళ్లిళ్ల కాలం రాగానే ఎప్పటిలా కత్తెర పట్టుకుని గడపలో కూర్చుంది. అట్ట కత్తిరించడం కూడా గుడ్డ కుట్టడం లాంటి పనే అనుకుంది పిచ్చిది.

ముందుగా వడ్ల వ్యాపారం భూమన్న వచ్చాడు, కూతురి పెళ్లికి బాసింగాలు చెప్పిపోదామని. గడపలో బోసి నుదురు కనబడగానే ఆగాడు. "ఇంకా... ఇంకా టైమున్నది తియ్యి. మల్లొస్త" అని వచ్చిన దారినే పోయాడు. తర్వాత ఒకావిడ వచ్చి, ఆరబెట్టిన బాసింగాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోయి, ఎవరు చేశారని అడిగి, జవాబు విని దాన్ని కింద పెట్టింది. పెట్టి చేతిని కొంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చూసిన తర్వాత శంకరవ్వ తలుపు మూసుకుంది.

ఈ శాస్త్రాలు ఎవరు రాశారో గానీ వాటికి సిగ్గన్నది లేదు. విధవ చేసిన బాసింగం పనికిరాదు. అదే విధవ నడుము వంచి నాటు వేసి, కోసి, దంచిన బియ్యం మాత్రం తలంబ్రాలకు దివ్యంగా పనికొస్తాయి. వాటి మీద ఎవరి చెయ్యి పడిందని ఎవరూ అడగరు. అడిగితే పెళ్లిలో భోజనాలు ఉండవు.

దారి చూపింది గంగుబాయి. ఆమె సిద్దిరాములు అన్న దేవదాస్ భార్య, శంకరవ్వకు యారాలు. చాందా వైపు మరాఠీ పిల్ల, ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. నుదుట రూపాయంత బొట్టు, మోచేతి దాకా పచ్చ గాజులు, వీధి చివరికి వినబడే గొంతు.

"అగ బాయీ, ఎందుకు ఏడుస్తవ్?" అంది వచ్చి. "చేతులు నీ దగ్గర ఉన్నయ్, బొట్టు నా దగ్గర ఉన్నది. ఇద్దర్ని కలిపితే పనికొచ్చే ఒక మనిషి కాదా? నువ్వు లోపట చెయ్యి. నేను బయట కూసుంట."

అలాగే చేశారు. శంకరవ్వ లోపలి అర్రలో కత్తిరించేది, అంటించేది, చెంబుకు కట్టేది. గంగుబాయి అరుగు మీద ఒక అట్టముక్క, ఒక కత్తెర పట్టుకుని కూర్చునేది. ఆ అట్టముక్క ఏళ్ల తరబడి అదే. ఆమె దాన్ని ఒక్కసారైనా కత్తిరించిన పాపాన పోలేదు. ఎవరైనా వస్తే గబగబా కత్తెర ఆడించి, "నడుము పోతున్నదమ్మా ఈ పనితోని" అని మూలిగేది. వచ్చిన సొమ్ము మాత్రం కొంగున మూట కట్టి అలాగే తెచ్చి ఇచ్చేది. మంచి మనిషి. ఊరు మళ్లీ బాసింగాలు కొనుక్కుంది, ఇప్పుడు వాటి పేరు గంగుబాయి బాసింగాలు.

ఇక్కడ శంకరవ్వ ఒక పొరపాటు చేసింది. ఆ పరిస్థితిలో ఎవరైనా చేసే పొరపాటే, అయినా దాని ఫలితం ఆమె ఒక్కతే అనుభవించింది.

అనసూర్య అప్పుడు తల్లి పక్కన కూర్చుని పూసలు గుచ్చేది. చిన్న చేతులు, చురుకు చూపు. పిల్లలు ఆడుకుంటూ ఏదో ఒకటి అనేస్తారు కదా అని తల్లికి భయం. ఒకరోజు పిల్లను దగ్గరికి లాక్కుని, వేలు చూపించి చెప్పింది: "నేను చేస్తున్ననని ఎవ్వరికి చెప్పొద్దు. ముండమోసినామె చేతి బాసింగం కట్టుకుంటే పెండ్లికొడుకు బతుకడు. తెలిస్తే మనల్ని ఊర్లె ఉండనియ్యరు. సమజైందా?"

తాను ఆ మాటను నమ్మిందా? రవ్వంత కూడా నమ్మలేదు. నమ్మితే ఆ పని చేసేదే కాదు. పిల్ల నోరు కట్టెయ్యడానికి దొరికిన పెద్ద తాళం అది, వేసేసింది. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఆ తర్వాత ఒక్కరికీ చెప్పలేదు. "ఎంత బుద్ధిమంతురాలో నా బిడ్డ" అని తల్లి మురిసిపోయింది.

ఎదురింటి హనుమండ్లు కూతురు కిష్టవ్వ. అనసూర్యను చంకనేసుకుని పెంచిన పిల్ల. రోజూ జడ వేసేది, జామకాయ దొరికితే సగం దీనికి దాచేది. కిష్టవ్వను లక్షెట్టిపేట ఇచ్చారు. బాసింగాలు ఈ ఇంటివే. అక్కకు ఎర్ర పూసలంటే ఇష్టమని అనసూర్య ఎర్రవీ తెల్లవీ ఏరి తానే గుచ్చింది. పెళ్లిలో ఆ కుచ్చులు ఊగుతుంటే చూసి ఎగిరి గంతులేసింది.

ఏడు తిరగలేదు. కిష్టవ్వ పెనిమిటి మక్కచేనుకు నీళ్లు కట్టడానికి పోయి పాము కుట్టి చనిపోయాడు. కిష్టవ్వ బోసి నుదురుతో తల్లిగారింటికి తిరిగొచ్చింది. వీధి వీధంతా పోయి ఏడ్చింది. శంకరవ్వ వెళ్లి ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది; ఆ దుఃఖం ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అనసూర్య మాత్రం రాలేదు. వడ్ల గుమ్మి వెనక దాక్కుంది. చిన్నపిల్ల, జడుసుకుందిలే అనుకున్నారు.

ఆ రోజు నుంచి అనసూర్య పూసలు ముట్టుకోలేదు. అడిగితే, "వేళ్లు నొస్తున్నయ్ అవ్వా" అనేది. "బడికి పోతున్నవ్ కదా, వేళ్లు దొరసాని వేళ్లయినయ్. అత్తగారింట్ల ఏం జేస్తవే?" అని తల్లి ఆట పట్టించేది. కిష్టవ్వ ఎదురింటి అరుగు మీంచి "అనసూర్యా, రాయే జడేస్త" అని పిలిస్తే ఈ పిల్ల వినబడనట్టు పక్క సందులోకి మళ్లేది. కిష్టవ్వ ముఖం చిన్నబోయేది. శంకరవ్వ కూతుర్ని కోప్పడింది కూడా: "పాపం, దానికి ఎవరున్నరే? మాట్లాడితే నీ సొమ్మేం పోతది?" పిల్ల తల వంచుకునేది. అంత బరువు ఆ చిన్న తలలో ఉందని కన్నతల్లికి తెలియలేదు. ఏళ్లు అలాగే గడిచాయి.

అనసూర్య పెద్దదైంది. ఆసిఫాబాదు నుంచి అంబదాస్ అనే పిలగాడు వచ్చి స్టేషన్ దారిలో మేనమామ దగ్గర కుట్టుపని చేస్తుండేవాడు. మిషను సూది విరిగిందనీ నూనె అయిపోయిందనీ వారానికోసారి వీళ్లింటికి వచ్చేవాడు. అన్ని సూదులు విరగ్గొట్టే దర్జీని తాను చూడలేదని గంగుబాయి పకపకా నవ్వేది. అతను వచ్చిపోయిన రోజు అనసూర్య అన్నం వండుతూ కూనిరాగం తీసేది. పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడాల పేచీ ఏమీ లేదు. వైశాఖంలో లగ్గం పెట్టుకున్నారు.

శంకరవ్వ ఇన్నాళ్లూ ఎదురుచూసిన పని చేతికొచ్చింది. బిడ్డకు తలకు నూనె రాస్తూ, తెలియకుండా అరచేత్తో నుదుటి కొలత పట్టుకుంది. బట్టల దుకాణానికి పోయి, కాశీ పట్టు తాను నడుమ నుంచి తీసిన అట్ట కావాలని పట్టుబట్టి తెచ్చుకుంది. నడుమ రెండు చిలకలు, చుట్టూ మల్లె తీగ, తీగకు మొగ్గలు; మొగ్గ మొగ్గకూ వెనక నుంచి జరీ ముక్క. అట్టను తొలిచి తొలిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ తొలిచింది. గంగుబాయి వచ్చి చూసి, గాజులు తగలకుండా మోచేతికి ఎగదోసుకుని మరీ చిలకల మీద వేలు పెట్టింది. పిల్లకొకటి, పిలగాడికొకటి, రెండూ చెంబులకు కట్టి ఆరాయి.

మధ్యాహ్నం కూతుర్ని లోపలికి పిలిచి గుడ్డ విప్పింది. "ఎట్లున్నయే?"

అనసూర్య చూసింది. నిజంగానే అలాంటివి ఎవరి నుదుటా చూడలేదు. "మంచిగున్నయ్ అవ్వా" అంది.

"నుదుటికి పెట్టుకొని సూడు జర. వంపు కుదిరిందో లేదో."

తల్లి చెయ్యి ముందుకు చాపింది. కూతురు గోడ దాకా వెనక్కి జరిగింది.

"అవ్వా, నేను గివి కట్టుకోను."

"ఏమాయెనే? చిలకలు నచ్చలేదా?"

"గంగుబాయి పెద్దవ్వతోని చేయించు."

శంకరవ్వ నవ్వింది. "మీ పెద్దవ్వకు కత్తెర పట్టొస్తదా? ఏం పరాచికమే ఇది?"

"పరాచికం కాదు." పిల్ల గోడను వదల్లేదు. "నువ్వే చెప్పినవ్ కదా అవ్వా. నీ చేతిది కట్టుకుంటే పెండ్లికొడుకు బతుకడని."

శంకరవ్వకు ముందు అర్థం కాలేదు. ఎప్పుడన్నాను, ఎవరితో అన్నాను అని వెతుక్కుంది. గుర్తొచ్చి కూతురి భుజాలు పట్టుకుంది. "అయ్యో నా తల్లీ, అది నీ నోరు మూపియ్యనీకి చెప్పిన. ఉత్త ముచ్చట! ఉత్తదే బిడ్డా!"

"మరి కిష్టవ్వక్క?"

శంకరవ్వ కూతురి భుజాలు వదిలేసింది.

"గాయన్ను పాము కుట్టింది..."

"ఏడు తిరుగకముందే కుట్టింది. గా బాసింగానికి పూసలు నేనే గుచ్చిన అవ్వా. అక్కకు ఎర్రయి ఇష్టమని ఏరి ఏరి గుచ్చిన. నాకు తెలిసి గుచ్చిన. చెప్తే మనల్ని ఎల్లగొడ్తరని చెప్పలే. అక్క పిలిస్తె ఎట్ల పోవాలె? ఏం మొకం పెట్టుకొని జడ ఏయించుకోవాలె?"

పసిపిల్ల ఒక మనిషి చావును గుండెల మీద పెట్టుకుని ఇన్నేళ్లు పెరిగింది. ఒక్క ఇంట్లో, ఒక్క చాప మీద, తన పక్కనే పడుకుని. శంకరవ్వ తనకు తోచిన మాటలన్నీ చెప్పింది. మల్లొస్తనన్న భూమన్న చివరికి గంగుబాయి దగ్గరే తీసుకుపోయాడు కదా, ఆ కూతురు చల్లగా ఉంది కదా, ముగ్గురు పిల్లల తల్లి కదా. ఫలానా వాళ్లు, ఫలానా వాళ్లు, అందరూ తన చేతివే కట్టుకున్నారు కదా అని ఇళ్ల పేర్లు ఏకరువు పెట్టింది. అనసూర్య అన్నీ విన్నది. వినలేదని కాదు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు" అంది చివరికి, తల్లి కాళ్ల దగ్గర కూలబడి. "నీ కాల్మొక్కుత అవ్వా. నాకు భయమైతుంది. ఆయనకేమన్నా అయితే నేను బతుకలేను. నీ చేతివల్లనే అనుకోకుంట ఉండలేను."

కోప్పడదామంటే కోపం ఎవరి మీద? తల్లి రెండు బాసింగాలనూ గుడ్డలో చుట్టేసింది. ఆ వారంలోనే గంగుబాయి చేతి మీదుగా అవి వెనక వీధి లింగవ్వ ఇంటికి పోయాయి. ఆమె కొడుకూ కోడలూ కట్టుకుని, ఇలాంటివి ఎక్కడా చూడలేదని అందరిచేతా అనిపించుకున్నారు. వాళ్లు ఇప్పటికీ కులాసాగా ఉన్నారు.

సంగతి విని గంగుబాయి అరుగు మీద చతికిలబడింది. "అగ బాయీ! ఇన్నేండ్లు కూసున్నందుకు నాకు మంచి శిక్షనే పడ్డది" అని కత్తెర అందుకుంది. శంకరవ్వ గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, నోటితో చెప్పింది. ఇటు తిప్పక్కా, అటు కాదు, మెల్లగా. గంగుబాయి చేతిలో చిలకలు కోళ్లయ్యాయి, తీగ తెగింది. చివరికి చుట్టూ గీతలు గీసి ఊరుకుంది. చెంబుకు కట్టమని శంకరవ్వ చెప్పింది. కడితే జారి పాడైపోతాయని భయపడి గంగుబాయి రెండింటినీ బియ్యం బస్తా కింద పెట్టింది. అట్ట పీటలా ఆరింది. మళ్లీ చేసే వ్యవధి లేకపోయింది.

పెళ్లి రోజు ఇంటి ముందు పందిరి నిండింది. కన్యాదానం దేవదాస్, గంగుబాయి దంపతులు చేశారు. లోపలి గడప దగ్గర, పందిట్లోకి రాకూడని ఇద్దరే నిలబడి ఉన్నారు: శంకరవ్వ, కిష్టవ్వ. పెళ్లికూతురు తల ఎత్తినప్పుడల్లా బాసింగం నుదురు వదిలి ముందుకు వాలుతోంది.

"గది నీ చేతిది కాదు కదా చిన్నమ్మా?" అంది కిష్టవ్వ మెల్లగా. "నీదైతే గట్ల జారదు. నాది ఎంత మంచిగ కూసున్నదో. దాన్ని ఇప్పటికీ దాచుకున్న."

శంకరవ్వ ఉలిక్కిపడి చూసింది. "నేను చేసిననని నీకు ఎరుకనా?"

"ఊరందరికీ ఎరుకే. గంగుబాయి పెద్దవ్వ చేసిందంటే ఎవరు నమ్ముతరు చిన్నమ్మా? ఆమె బియ్యంల రాళ్లు ఏరబోతే బియ్యం పారేస్తది. నీ బాసింగాలే కావాలె గని, నీ పేరు చెప్పుకుంటే మంచిగుండదని అందరు ఊకున్నరు."

"మరి మీ ఆయన పోయినప్పుడు... నన్ను అనుకోలేదా బిడ్డా?"

"నిన్నెందుకు అనుకుంట? పాముకు బాసింగం ఎవరు చేసిన్రో ఎరుకనా?"

ఊరందరికీ తెలుసు. తెలిసే కొన్నారు, తెలిసే కట్టుకున్నారు, తెలిసే పిల్లల్ని కన్నారు. చేతిని కొంగుకు తుడుచుకున్న ఆ మనిషి ఇంటికి కూడా ఆ తర్వాత రెండు జతలు పోయాయి. ఆ రహస్యం ఒక్కరి దగ్గరా దాచాల్సిన పని లేదు. దాన్ని దాచడానికి ఆమె కన్నబిడ్డ గుండెలో భయం నాటింది. ఊరంతా నమ్మని మాటను నమ్మింది తన కూతురొక్కతే.

అంతలో తలంబ్రాల సందడి మొదలైంది. మొదటి దోసిలి పడగానే బాసింగం దారం జారి, అట్ట ముక్కు మీదికి వచ్చింది. గంగుబాయి ముడి వేయబోతే దారం చిక్కుపడింది. అయ్యగారు కానియ్యమని తొందరపెడుతున్నారు. శంకరవ్వకు తాను ఎక్కడ నిలబడాలో గుర్తులేకపోయింది. జారిన బాసింగం కనబడితే ఆ చేతులు ఆగవు. గడప దాటింది, జనంలోంచి దూరి వెళ్లింది, పీటల దగ్గర వంగి వేళ్లు చాచింది.

అనసూర్య ఆ వేళ్లను చూసింది. తల చటుక్కున వెనక్కి లాక్కుంది. సలసల కాగే నీళ్లు మీద పడబోతే తప్పుకున్నట్టు తప్పుకుంది. తప్పుకుని, తాను చేసిన పని తనకే తెలిసి, తల్లి ముఖంలోకి చూసింది.

శంకరవ్వ చాచిన చెయ్యిని కిందికి దించి, పీట పక్కన చిందిన తలంబ్రాలను దగ్గరికి ఊడ్చింది, అందుకే వచ్చినట్టు. తర్వాత లేచి లోపలికి వెళ్లిపోయింది. అనసూర్య తన ఎడమ చేత్తోనే బాసింగాన్ని నుదుటికి అదిమి పట్టుకుని, తలంబ్రాలు అయ్యేదాకా అలాగే కూర్చుంది. కళ్ల నీళ్లు బుగ్గల మీదుగా కారుతున్నాయి. తల్లిని విడిచి పోతున్నందుకు ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

అప్పగింతల వేళకు ఎడ్లబండి వాకిట్లో నిలబడింది. బాసింగాలు విప్పి లోపల పెట్టేశారు. అనసూర్య పెద్దలందరి కాళ్లకూ మొక్కి, చివరికి తల్లి దగ్గరికి వచ్చింది. కాళ్ల మీద పడి లేవలేదు.

"అవ్వా, నెత్తి మీద చెయ్యి పెట్టే."

శంకరవ్వ చెయ్యి లేచింది. బిడ్డ పాపిట దాకా వచ్చి ఆగింది. పెట్టాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ తల్లి మనసు ఆసిఫాబాదు దాకా పోయి వచ్చింది. అక్కడ ఏదో ఒక వానాకాలం అంబదాసుకు జ్వరం వస్తుంది. మనిషన్నాక రాకుండా ఉంటుందా? ఆ రోజు ఈ పిల్ల ఒక్కతే కూర్చుని, పోయేటప్పుడు అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టింది కదా అనుకుంటుంది. అనుకోకుండా ఉండలేనని ముందే చెప్పింది.

"మీ పెద్దవ్వ పెడ్తది బిడ్డా" అని శంకరవ్వ రెండు చేతులూ వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"పెద్దవ్వ పెట్టింది. నువ్వు పెట్టు. తప్పైంది అవ్వా, నువ్వు పెట్టు."

"నీదేం తప్పు లేదు. రైలుకు యాళ్లయితుంది. ఎక్కు తల్లీ."

గంగుబాయి ఏడుస్తూ పిల్లను లేపి బండి ఎక్కించింది. బండి కదిలింది. స్టేషన్ దారి మలుపు తిరిగేదాకా అనసూర్య వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. వాకిట్లో ఉన్నవాళ్లందరూ చేతులు ఊపారు. శంకరవ్వ మాత్రం చేతులు కొంగులోంచి బయటికి తియ్యలేదు.